సబ్సిడీని చేతిలో డబ్బు అనుకోకు

చిన్నీ,

నువ్వు రాజమండ్రిలో పచ్చళ్ల షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. మాగాయ పెట్టడంలో నీ చెయ్యి మీ అమ్మమ్మ చెయ్యే, అందులో నేను చెప్పాల్సిందేమీ లేదు. కానీ "ప్రచారానికి గవర్నమెంటు సగం డబ్బు ఇస్తుందట" అని కూడా అంది. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

ఆ సగం సంగతి ముందు తేల్చుకో. నువ్వు విన్నది పీఎంఎఫ్ఎంఈ గురించే అయితే, అది చిన్న చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకం. అందులో బ్రాండింగుకి, మార్కెటింగుకి 50 శాతం ఇచ్చేది సంఘాలకి, అదీ అందరూ ఒకే బ్రాండు మీద అమ్మితే. షాపు తెరవడానికి అందులోంచి పైసా రాదు. సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకి ఖర్చులో 35 శాతం, మహా అయితే 10 లక్షలు. అదైనా చేతికివ్వరు. బ్యాంకులో పక్కన పెట్టి, మూడేళ్లు కిస్తీలు సరిగ్గా కట్టి యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ చేస్తారు. గడువు పొడిగిస్తూ వచ్చిన పథకం కాబట్టి, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కో. ప్రాజెక్టు రిపోర్టుకి ఆ పథకం కోసమే పెట్టిన జిల్లా రిసోర్స్ పర్సన్ సాయం చేస్తారు, నువ్వు ఫీజు ఇవ్వక్కర్లేదు. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చెయ్.

నాకింత భయం ఎందుకంటే, మా తోటికోడలికి జరిగింది కళ్లారా చూశాను. లోన్ వచ్చేస్తుందని బ్యాంకులో ఎవరో మాటవరసకి అన్నారు. ఆ మాట పట్టుకుని నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఊరంతా ఫ్లెక్సీలు కట్టించింది, రంగు పౌచ్‌లు కట్టలకొద్దీ ప్రింట్ చేయించింది. ఫుడ్ లైసెన్సు నంబర్ ఇంకా రాలేదు, ఆ చోటు ఖాళీ. ధర మాత్రం అచ్చు వేయించేసింది. ఎండాకాలం వచ్చింది, కాయ వచ్చింది, లోన్ రాలేదు. అది వచ్చేసరికి నూనె రేటు పెరిగి, ఆ ధరకి అమ్మితే కారం ఖర్చు కూడా గిట్టదు. నంబర్ స్టిక్కర్లు ఒక్కో పౌచ్‌కీ అంటించుకుంటూ కూర్చునేది. నూనె వేళ్లు తగిలితే అవి జారిపోయేవి. చివరికి లోన్ డబ్బు ముందు వడ్డీవాడికే పోయింది. వీధి వీధంతా మెచ్చుకున్న ఆవకాయ, అయినా కొట్టు మూతపడింది. బాకీ తీర్చడానికి గాజులు అమ్ముకుంది.

నీ చేతికున్న గాజులు మీ అమ్మమ్మవి. వాటి జోలికి వెళ్లావో, నేను ఊరుకోను.

ఫుడ్ లైసెన్సు ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల నంబర్ చేతికొచ్చాకే లేబుళ్లు వేయించు, అదీ కొద్దికొద్దిగా. ధర, తేదీ స్టాంపు వేసుకునేలా చోటు ఉంచు. ప్రచారం సంగతంటావా, ముందు మున్సిపాలిటీలో పట్నం మహిళా సంఘాలని చూసే మెప్మా వాళ్లని కలిసి సంఘంలో చేరు. నేను సంఘం లీడర్‌గా ఉన్నప్పుడు డ్వాక్రా బజారులో ఫ్లెక్సీ చూసి ఆగినవాళ్లు తక్కువ, వేడన్నంలో కలిపి ముద్ద చేతిలో పెడితే కొననివాళ్లు తక్కువ. సంఘాలవాళ్లు సరుకు అమ్ముకునే సరస్ మేళాలు ఎప్పుడో అడుగు. 2022 నుంచి రైల్వే స్టేషన్లలో 'ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి' స్టాళ్లు పెడుతున్నారు, మీ స్టేషన్లోనూ వాకబు చెయ్యి.

బ్యాంకువాళ్లు శాంక్షన్ లెటర్ ఇస్తే సంతకం పెట్టకముందే నాకు వాట్సాప్‌లో పంపు. కిస్తీ ఏ నెల నుంచి మొదలో, షూరిటీ ఎవరిదో చూసి చెబుతాను. ఈ ఏడు పెట్టిన మాగాయ అరకిలో నాకు పంపు, డబ్బు ఇచ్చే తీసుకుంటాను.

మీ పెద్దమ్మ