యూటాలో మొదటి మార్మన్ల కుటుంబాలా? నేను జేన్ గురించి చెబుతాను

ప్రశ్న ఇది: "అమెరికాలో యూటాకి మొదట వచ్చి స్థిరపడ్డ మార్మన్ల కుటుంబ జీవితం ఎలా ఉండేది? ఒక్కొక్కరికి పదిమంది భార్యలట, నిజమేనా?"

మార్మన్లంటే పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు. పదిమంది మాట కొందరికి నిజమే. వాళ్ల నాయకుడు బ్రిగమ్ యంగ్‌కి యాభైమందికి పైనే. కానీ ఎక్కువ ఇళ్లలో ఒక్క భార్యే. 1890లో చర్చి ఆ పద్ధతి మానుకుంటున్నట్టు ప్రకటించింది. భార్యల లెక్క ఇంతటితో వదిలేస్తాను. పన్నెండేళ్లుగా యూటా రాజధాని సాల్ట్ లేక్ సిటీ పక్కనే ఉంటున్నాం. ఇండియా నుంచి ఫోన్ చేసినవాళ్లలో సగంమంది ఇదే అడిగి నవ్వుతారు. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు కూడా అంతే, తంబ్‌నెయిల్ మీద భార్యల సంఖ్య తప్ప ఇంకేం ఉండదు. ఆ ఆడవాళ్లు ఏం తిన్నారో, పిల్లల్ని ఎలా బతికించుకున్నారో ఎవరికీ అక్కర్లేదు.

ఇక్కడ నాలుగో తరగతిలో యూటా చరిత్ర చెబుతారు. రెండేళ్ల క్రితం మా అమ్మాయికి ప్రాజెక్ట్ ఇచ్చారు, 1847లో వచ్చిన ఒక కుటుంబం గురించి రాసుకుని రమ్మని. క్లాసులో చాలామందికి సొంత ముత్తాతలే ఉన్నారు. మాకు ఎవరున్నారు? లైబ్రరీలో వెతుకుతుంటే జేన్ మ్యానింగ్ జేమ్స్ దొరికింది. నల్లజాతి స్త్రీ. కనెక్టికట్‌లో స్వేచ్ఛగా పుట్టింది, బానిస కాదు. చిన్నప్పుడే ఒక తెల్లవాళ్ల ఇంట్లో పనికి కుదిరింది. పెద్దయ్యాక మార్మన్ మతం పుచ్చుకుంది. 1843లో తల్లినీ అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనీ చిన్న కొడుకు సిల్వెస్టర్‌నీ వెంటబెట్టుకుని, మార్మన్లు అప్పట్లో ఉంటున్న ఇల్లినాయ్‌లోని నావూకి బయల్దేరింది. దారిలో బఫెలో ఊళ్లో వీళ్లని పడవ ఎక్కనివ్వలేదు. అక్కడినుంచి నడకే, దాదాపు 800 మైళ్లు. విజయవాడ నుంచి చెన్నైకి మూడుసార్లు నడిచినంత. చెప్పులు అరిగిపోయి, పాదాలు పగిలి, నేలమీద అడుగుల ముద్ర రక్తంతో పడేదని ముసలితనంలో తనే చెప్పి రాయించింది.

నావూలో మతస్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఇంట్లో బట్టలుతికే పనిలో చేరింది. ఆ ఇంట్లోనే ఎలైజా పార్ట్రిడ్జ్ అనే తెల్లమ్మాయి కూడా ఉండేది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. 1844లో జోసెఫ్ స్మిత్‌ని ఒక మూక కాల్చి చంపింది. తర్వాత జేన్ ఐజాక్ జేమ్స్‌ని పెళ్లి చేసుకుని పడమర దారి పట్టింది. 1846లో దారిలోనే, అయోవాలో, సైలస్ పుట్టాడు. 1847 సెప్టెంబర్‌లో సాల్ట్ లేక్ లోయకి చేరారు. మరుసటి ఏడు మేరీ ఆన్ పుట్టింది.

ఇప్పుడు 1849 ఏప్రిల్. అంతకుముందు ఏడాది పంటని మిడతల్లాంటి పురుగులు తినేశాయి. చలికాలంలో జనం సెగో లిల్లీ అనే అడవి పూలమొక్క దుంపలు తవ్వుకు తిన్నారు. కొత్త పంటకి ఇంకా నెలలు పడుతుంది. అప్పటికి ఎలైజా, అమాసా లైమన్ అనే పెద్దమనిషికి ఉన్న భార్యల్లో ఒకరు. ఆమె చెల్లెలు కరోలిన్ కూడా అతనికి భార్యే. ఆయన చర్చి పనిమీద కాలిఫోర్నియా వెళ్లిపోయాడు, ఇంట్లో రొట్టెకి పిండి లేదు. ఎలైజా డైరీలో రెండు ముక్కలు రాసుకుంది: జేన్ జేమ్స్ తనకి రెండు పౌన్ల పిండి ఇచ్చిందని, అది జేన్ దగ్గరున్న దాంట్లో దాదాపు సగమని.

మా అమ్మాయి అడిగింది, "రెండు పౌన్లంటే ఎంతమ్మా?" అని. నేను వంటింటి త్రాసు తీశాను. గిన్నె పెట్టి సున్నా చేసి, డబ్బాలోంచి గోధుమపిండి పోశాం. 907 గ్రాములు. చూస్తే ఏమీ లేదు, ఒక మాదిరి గిన్నె నిండింది. కలిపి ఒత్తితే ముప్పై అయిదు పుల్కాలు అయ్యాయి. అమ్మాయి వాటిని అయిదేసి చొప్పున పేర్చింది. జేన్ ఇంట్లో అప్పటికి అయిదుగురు, మొగుడూ పెళ్లామూ ముగ్గురు పిల్లలూ. మనిషికి ఏడు. రెండు రోజులు, బిగబట్టుకుంటే మూడు. ఆ మిగిలిన రెండు పౌన్లే ఆ ఇంటికి దిక్కు. చంటిబిడ్డని చంకనేసుకుని ఎవరైనా గుమ్మంలోకి వస్తే నేను ఇచ్చేదాన్నేమో, కానీ సగం ఇవ్వను. ఆ మాట మా అమ్మాయి ముందే ఒప్పుకున్నాను. ఆ రాత్రి మేం తిన్నది పదో పదకొండో, మిగతావి పక్కింటివాళ్లకి పంపాం.

ఆ కాలంలో కుటుంబమంటే ఏమిటని అడిగితే నా జవాబు ఇదే. పెద్దమనుషులు చర్చి పనుల మీద ఊళ్లు తిరుగుతుంటే, ఇళ్లని నిలబెట్టింది ఆడవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న పిండి. పెళ్లిళ్లు ఎన్ని జరిగాయన్నది రెండో సంగతి.

అయితే జేన్‌ని ఆ కుటుంబంలో కలుపుకున్నారా? నావూలో ఉండగా జోసెఫ్ భార్య ఎమ్మా ఆమెని రెండుసార్లు అడిగింది, మాకు కూతురిగా ఉంటావా అని. ఆ మాటకి అర్థం తెలియక వద్దంది జేన్. దాని విలువ తర్వాత తెలిసింది. మార్మన్ల నమ్మకంలో, టెంపుల్ అని పిలుచుకునే తమ పవిత్ర మందిరంలో ముడివేసిన బంధాలు చచ్చిపోయాక కూడా ఉంటాయి. నల్లవాళ్లకి ఆ క్రతువుల్లో ప్రవేశం లేదన్నారు. 1884 నుంచి ఆమె చర్చి పెద్దలకి విన్నపాలు పెట్టుకుంటూనే ఉంది. నాకు ఏ దీవెనా లేదా అని అడిగింది. కూతురిగా చేర్చండి అంది. 1894లో చేర్చారు, సేవకురాలిగా! జోసెఫ్ స్మిత్ కుటుంబానికి శాశ్వతంగా పనిమనిషి. ఆ క్రతువు జరిగేటప్పుడు కూడా ఆమెని లోపలికి రానివ్వలేదు, ఆమె బదులు ఒక తెల్లావిడ నిలబడింది. జేన్ ఊరుకోలేదు, మళ్లీ అడిగింది.

ఇది చదివినప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో ఇల్లు కళ్లముందు మెదిలింది. మా నాయనమ్మ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసినావిడ గురించి అందరితో "మా ఇంటి మనిషే" అనేది నాయనమ్మ. మనస్ఫూర్తిగానే అనేది. ఆవిడ సత్తుగ్లాసు మాత్రం పెరటి గోడ గూట్లో బోర్లించి ఉండేది. నేను ఆ గ్లాసులో నీళ్లు తాగితే చేతిలోంచి లాక్కున్నారు. ఎందుకని అడగలేదు. అడగాల్సింది.

ఐజాక్ 1870 ప్రాంతంలో జేన్‌ని వదిలి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత ముసలివాడై తిరిగొస్తే ఇంట్లోకి రానిచ్చింది, 1891లో అతని అంత్యక్రియలు ఆమె ఇంటినుంచే జరిగాయి. పిల్లల్లో ఇద్దరు తప్ప అందరూ ఆమె కళ్లముందే పోయారు. చివర్లో చూపు కూడా మందగించింది. 1908 ఏప్రిల్‌లో కన్నుమూసింది, అప్పటి చర్చి అధ్యక్షుడు అంత్యక్రియల్లో మాట్లాడాడు. నల్లవాళ్ల మీద ఆ ఆంక్ష 1978లో పోయింది. 1979లో ఆమె పేరు మీద ఆ క్రతువులు చేశారు, ఆమె పోయిన డెబ్భై ఒక్క ఏళ్లకి.

ఇక్కడి తెలుగువాళ్లకి ఒక మాట. జూలై 24న, 1847లో మార్మన్లు ఈ లోయకి చేరినందుకు గుర్తుగా, పయనీర్ డే సెలవు, పిల్లల్ని పరేడ్‌కి తీసుకెళ్తాం, చాక్లెట్లు ఏరుకుంటారు, ఇంటికొస్తాం. ఈసారి కొండమీద అవెన్యూస్‌లో ఉన్న సిటీ శ్మశానానికి కూడా తీసుకెళ్లండి. జేన్ సమాధి అక్కడే, 1999లో స్మారకం కూడా కట్టారు. పొద్దున్నే వెళ్లండి, పది దాటితే ఎండ మాడుస్తుంది. చాలా పెద్ద శ్మశానం, ముందే మ్యాప్‌లో చూసుకోకపోతే దొరకదు. మా అమ్మాయి చిన్న పొట్లంలో గోధుమపిండి తెచ్చి ఆ రాతి పక్కన పెట్టింది. ఎవరైనా తప్పనుకుంటారేమోనని నాకు కాస్త టెన్షన్ పడింది కానీ, తీయమని మాత్రం అనలేదు.