తల ముందు, జుట్టు తర్వాత

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి పొయ్యి మీద పాలు పెట్టి చదివాను, పాలు పొంగిపోయాయి. కథ బాగుందనడానికి నా దగ్గర ఇంతకంటే సాక్ష్యం లేదు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఆ గీతలన్నీ నీకు కోపం తెప్పిస్తాయి, తెప్పించనీ.

మూడో పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగాను. కాజీపేట స్టేషన్లో జుట్టు పెంచుకున్న అబ్బాయిని నీ కథానాయిక మొదటిసారి చూస్తుంది. "అతని పొడవాటి కురులు కారుమబ్బులా భుజాల మీద పరుచుకుని ఉన్నాయి" అని రాశావు. కారుమబ్బు పాతబడిందని అందరూ అంటారు, నాకు దాని మీద పగ లేదు. నా గొడవ "పరుచుకుని ఉన్నాయి"తో. మంచం మీద దుప్పటి కూడా అట్లాగే పరుచుకుని ఉంటుంది. రైలు వచ్చింది, జనం ఉరుకుతున్నారు, చాయ్ పిల్లగాడు అరుస్తున్నాడు, ప్లాట్‌ఫారం మీద కాగితాలు ఎగురుతున్నాయి అని నువ్వే రాశావు. అంత గాలిలో అతని జుట్టు ఒక్కటే కదలలేదు!

ఎందుకు కదలనివ్వలేదో నాకు తెలుసు. కాగితం అడుగున చిన్న అక్షరాలతో అడిగావు కదా, "మగవాళ్ల జుట్టు గురించి ఇంతసేపు రాస్తే నవ్వుతారా మేడం" అని. ఆ భయంతోనే దాన్ని కట్టేశావు. నీ అమ్మాయి కూడా ఒక్కసారి చూసి తల దించుకుంటుంది. మన కథల్లో ఆడవాళ్లు మగవాళ్లను చూడటం చాలాకాలం ఛాతీ దగ్గర, మీసం దగ్గర ఆగిపోయింది. అక్కడిదాకా అనుమతి ఉందన్నమాట. ఎవరిచ్చారో!

నవ్వుతారేమోనని భయపడేముందు బమ్మెర పోతన వైపు చూడు. మనకు దగ్గరివాడే, పాలకుర్తి దగ్గరే ఆయన ఊరు. అంపశయ్య మీద భీష్ముడు కృష్ణుణ్ని తలుచుకునే పద్యాలు బడిలో చదివే ఉంటావు. ఒక పద్యంలో నల్లని ముంగురులు కమ్ముకున్న ముఖం అంటాడు. వెంటనే తర్వాతి పద్యంలో ఆ ముంగురులకు గుర్రాల డెక్కల దుమ్ము కొట్టిస్తాడు, ముఖానికి చెమట పట్టిస్తాడు. రథం ఎంత వేగంగా తిరిగిందో మనకు ఆ దుమ్ము చెబుతుంది. చూస్తున్నదెవరు? ఒళ్లంతా బాణాలు దిగిన ముసలాయన, యుద్ధంలో అవతలి పక్షంవాడు. చివరి ఘడియల్లో ఆయనకు గుర్తొచ్చింది దుమ్ము కొట్టుకున్న ఒక మగవాడి జుట్టు. పోతనను చూసి ఎవరైనా నవ్వారా?

తమిళనాడు చోళుల కాలపు కంచు నటరాజుల ఫోటోలు కూడా ఒకసారి చూడు. తలకు రెండు వైపులా జడలు అడ్డంగా, విసనకర్ర విప్పినట్టు పరుచుకుంటాయి. కంచు కదలదు కదా. ఆ శిల్పులు గిరగిరా తిరగడాన్ని జుట్టుకు అప్పజెప్పి ఊరుకున్నారు, ముఖం మాత్రం ప్రశాంతంగానే ఉంచారు.

ఇక నేను చూసింది చెప్తాను. నాకు పదేళ్లుంటాయి. సంక్రాంతికి మా నాయనమ్మతో ఐలోని మల్లన్న జాతరకు పోయాను. మా వాడకట్టులో గొర్లు కాసే మామ ఒకాయన ఉండేవాడు, మాతోపాటే వచ్చాడు. ఎప్పుడూ నెత్తికి రుమాలు. ఆ రుమాలు కింద సిగ ఉందని తెలుసు గానీ ఎంతుందో ఎవరం ఎరగం. రాత్రి డోళ్లు మొదలయ్యాయి. మల్లన్న కథ పాడే ఒగ్గువాళ్లు కథ అందుకున్నారు. కొంతసేపటికి ఆయన మెడ మెల్లగా ఊగడం చూశాను. రుమాలు ఎప్పుడు జారిందో తెలియదు.

సినిమాలో చూపించినట్టు సిగ ఒక్కసారిగా విడిపోలేదు, బిడ్డా. ముందు వదులైంది. తల మీంచి మెడ మీదికి జారింది. ఒక పాయ ఊడి చెవి పక్కన వేలాడింది. ఇంకో నాలుగు ఊపులకు మిగతాదంతా నడుము దాకా దిగింది. అప్పుడు మొదలైంది అసలు ఆట. తల కుడికి పోతే జుట్టు ఇంకా ఎడమనే ఉంది. తల ఎడమకు వచ్చేసరికి జుట్టు కుడి దారిలో ఉంది. రెండూ ఎక్కడా కలవడం లేదు. నెత్తిన చల్లిన బండారి, అదే పసుపు, ప్రతి విసురుకూ లేచి పెట్రోమాక్స్ వెలుగులో పచ్చగా తేలింది. "శిగమూగుతుండు, దండం పెట్టు" అని నాయనమ్మ నా చేతులు జోడించింది. పూనకాన్ని మనవైపు శిగం అంటారు కదా. ఆ రాత్రి నుంచి నాకు ఆ మాటలో సిగే వినిపిస్తుంది.

మా పక్కన ఒకామె నిలబడి ఉంది. ఆమె దండం పెట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెప్ప వేయకుండా చూస్తోంది. అది భక్తి కాదని నాకు ఇంకో పదేళ్లకు గానీ అర్థం కాలేదు.

భయం వేసిందా అంటే వేసింది. గుర్తుండిపోయింది మాత్రం ఆ తర్వాతి సంగతి. డోళ్లు ఆగాక మామ వేపచెట్టు కింద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. తాడు ముక్క పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, చూడకుండానే ఆ జుట్టంతా పోగుచేసి మెలితిప్పి ముడేశాడు. గొర్రె కాళ్లు కట్టినంత మామూలుగా కట్టాడు. రుమాలు చుట్టుకున్నాడు. మళ్లీ మా మామ అయిపోయాడు.

నీ కథలో ఆ చేతులు లేవు. చిన్నప్పటి నుంచి జడ వేసుకున్న మనకు ఆ పని చేతులకు వచ్చేసి ఉంటుంది. నీ కథలో అబ్బాయి ఇరవై నాలుగేళ్లకు నేర్చుకుంటున్నాడు. వాడికి రాదు. సగం పోగు చేస్తాడు, సగం జారిపోతుంది, మణికట్టుకు రబ్బర్ బ్యాండ్ ఉందని మరిచిపోయి జేబులో వెతుకుతాడు. ఆ తడబాటులో ఉన్న అందం నీ కారుమబ్బులో లేదు.

కదిలించేది ఏమిటో కూడా చూసుకో. రైలు తలుపు దగ్గర నిలబడి బయటికి చూసేవాడి జుట్టు పోస్టర్లో లాగా వెనక్కి ఎగరదు. పక్క నుంచి కొట్టి ముఖం మీద పడుతుంది, నోట్లోకి పోతుంది. ఒక చెయ్యి రాడ్ వదలలేడు. ఉన్న ఒక్క చేత్తో ఏం చేస్తాడో అది రాయి. తడి జుట్టు ముద్దగా కదిలి వీపు మీద చప్పుడు చేస్తుంది. కొబ్బరినూనె పెట్టిన జుట్టు అసలు ఎగరదు, నీ కథలో అబ్బాయికి వాళ్లమ్మ పొద్దున్నే నూనె రాసిందని ఒకటో పేజీలో ఉంది, చూసుకో.

లెక్క కూడా తప్పింది. జనవరిలో పోలీస్ కటింగ్‌తో ఉద్యోగం మానేసినవాడు దసరాకు భుజాల మీద జుట్టు ఎగరేస్తున్నాడు. తల వెంట్రుక నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. తొమ్మిది నెలలకు 11 సెంటీమీటర్లు. చెవులు కూడా సరిగ్గా మూతపడవు. భుజాలు తాకాలంటే రెండేళ్లకు పైనే పడుతుంది. ఆ రెండేళ్లు నీకు దొరికిన నిధి, ఎందుకు దాటేశావు? లేచి నిలబడని, పడుకోని, చెవుల మీద రెక్కల్లా పొడుచుకొచ్చే ఆ నడిమి నెలలు, వాళ్ల నాన్న అన్నం ముందు కూర్చుని ఏమీ అనకుండా చూసే చూపు, ఇవన్నీ రాయొచ్చు.

మాటలు కొంచెం చూసి వాడు. కురులు అనగానే పాఠకుడికి ఆడమనిషి కనిపిస్తుంది. గిరజాలు అంటే నాటకం వేషం. జులపాలు అనే మాటలోనే తండ్రి తిట్టు ఉంది, "జులపాలు పెంచి ఏం సాధిస్తవ్ రా" అని. నాన్న నోట్లో పెట్టు, నువ్వు వాడకు. నీకు జుట్టు చాలు. ఊరివాళ్లు మాట్లాడేటప్పుడు ఎంటికలు అననీ. వాళ్లు "ఆడివిల్ల లెక్క" అని వెక్కిరిస్తారు కూడా, అననీ. కథ చెప్పే గొంతు మాత్రం ఆ పోలిక తేవద్దు. అతను మగవాడిగానే అందంగా ఉన్నాడు, నీ అమ్మాయి ఆ సంగతి చూసింది, అంతే. ఆమెను తల దించుకోనివ్వకు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో చివరి బెంచీలో ఒకబ్బాయి ఉండేవాడు. జుట్టు మెడ దాటి పెరిగింది. మనవైపు మగపిల్లవాడు జుట్టు పెంచితే మొదట అడిగేది "ఎవలకు మొక్కినవ్ రా" అనే కదా. ఇంట్లో గొడవ తప్పించుకోవడానికి వాడు వేములవాడ రాజన్నకు మొక్కుకున్నానని అబద్ధం చెప్పాడు. నాన్న నోరు మూతపడింది. అమ్మ మాత్రం నమ్మేసింది. రెండేళ్లు ఓపిక పట్టి, జుట్టు బాగా పెరిగాక, మొక్కు తీర్చే రోజు వచ్చిందని చుట్టాలందరినీ పిలిచి వేములవాడ తీసుకుపోయింది. నిన్నటిదాకా జులపాలు, కత్తి పడగానే తలనీలాలు! సోమవారం గుండుకు గంధం పూసుకుని క్లాసుకొచ్చాడు. ముందు బెంచీల్లో ఆడపిల్లల దిగులు చూస్తే నాకే నవ్వాగలేదు.

పాఠం మధ్యలో వాణ్ని ప్రశ్న అడిగాను. లేచి నిలబడి, జవాబు తోచక, మెడ ఒక పక్కకు విసిరాడు. జుట్టు కళ్ల మీద పడితే వెనక్కి తోసేవాడు కదా, అట్లా. అక్కడ జుట్టు లేదు. వాడికి తెలియలేదు. నెల దాకా అదే విసురు.

దాన్ని నేనెక్కడా రాయలేదు. కావాలంటే నువ్వు తీసుకో.

దసరాలోపు తిరగరాసి పంపు. మేడం అనడం మానెయ్యి.

నీ పెద్దమ్మ,
హనుమకొండ