పద్నాలుగు మందీ ఒక్కరి దగ్గరికే వస్తుంటే

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారులకూ, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకూ లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న సంస్థను నడుపుతున్నాను. నలుగురం ఉన్నప్పుడు పని చకచకా సాగేది. ఇప్పుడు నాతో కలిపి 14 మందిమి. ప్రతి చిన్న విషయానికీ అందరూ నన్నే అడుగుతారు, అయినా ఏ పనీ చెప్పిన తేదీకి పూర్తి కావడం లేదు. ఫ్రంట్ ఎండ్ (వాడేవారికి కనిపించే తెరలు), బ్యాక్ ఎండ్ (సర్వర్ వైపు కోడ్), టెస్టింగ్ అని మూడు జట్లు చేసి, అందరికంటే అనుభవమున్న ప్రోగ్రామర్‌ను మేనేజరుగా నియమించాలనుకుంటున్నాను. సీజన్ దగ్గర పడుతున్నందున మరో నలుగురిని తీసుకోవాలనీ ఉంది. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: జట్టును విడదీయక తప్పదు, కాని మీరనుకున్న పద్ధతిలో కాదు. నలుగురిలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవడానికి 6 దారులుంటే, 14 మందిలో అవి 91 అవుతాయి. మీవాళ్లు సోమరులై పని ఆగడం లేదు. ఎవరు ఏం మార్చారో ఎవరికీ పూర్తిగా తెలియక, తెలుసుకోవడానికి అందరూ మీ దగ్గరికే రావలసి వచ్చి ఆగుతోంది.

మీరు చెప్పిన మూడు జట్లే ఏర్పడ్డాయనుకోండి. బిల్లులో హమాలీ కూలిని విడిగా చూపించమని ఒక వ్యాపారి అడిగితే, ఆ చిన్న మార్పు మూడు జట్ల వరుసల్లోనూ నిలబడి రావాలి, ఆలస్యమైతే ఆ వ్యాపారికి జవాబు చెప్పవలసిన జట్టంటూ ఒకటి ఉండదు. ఒక సంస్థలో మనుషుల మధ్య మాటలు ఎలా నడుస్తాయో, అది తయారుచేసే వ్యవస్థ కూడా అదే ఆకారాన్ని పొందుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. అందువల్ల వృత్తి నైపుణ్యాన్ని బట్టి కాక, వినియోగదారుడి పనిని బట్టి విడదీయండి: యార్డు బిల్లులకు ఆరుగురు, కోల్డ్ స్టోరేజీ నిల్వలకు ఆరుగురు, సర్వర్లూ బ్యాకప్‌లూ చూసేందుకు ఒకరు, మీరు. ప్రతి జట్టులోనూ తెరలు రూపొందించేవారూ, సర్వర్ వైపు కోడ్ రాసేవారూ, పరీక్షించేవారూ కలిసి కూర్చోవాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రైతు ఖాతా రెండు జట్లకూ కావాలి. యార్డులో సరుకు అమ్మిన రైతే కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) దాచుకుంటాడు. రెండు జట్లూ డేటాబేస్‌లోని ఒకే పట్టికను నేరుగా మారుస్తుంటే, విడదీసి కూడా ప్రయోజనం ఉండదు. రైతు ఖాతా బాధ్యతను యార్డు జట్టుకు అప్పగించండి. రెండో జట్టు ముందుగా ఒప్పుకున్న ఏపీఐ (ఒక ప్రోగ్రాం మరోదాన్ని సమాచారం అడిగే నిర్ణీత పద్ధతి) ద్వారా మాత్రమే దానిని వాడాలి, మార్పు కావాలంటే అడగాలి. మొదట్లో ఇది ఆలస్యంలా కనిపిస్తుంది, దాన్ని భరించండి. అలాగే మిమ్మల్ని అడగకుండా జట్టు తానే తేల్చుకోగల విషయాలేమిటో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా ఇచ్చిన స్వేచ్ఛ మీరు ఒక్కసారి విసుక్కుంటే ఎగిరిపోతుంది.

మీ సీనియర్ ప్రోగ్రామర్‌ను మేనేజరుగా ప్రకటించే ముందు, ఆ పని ఆయనకు ఇష్టమో కాదో అడిగారా? మనుషులను చూసుకోవడం వేరే వృత్తి. కోడ్ మీదే మనసున్న వ్యక్తికి జీతం పెరగడానికి మేనేజరు కుర్చీ ఒక్కటే మార్గమైతే, మీరు మంచి ప్రోగ్రామర్‌ను పోగొట్టుకుంటారు. ఆయనను రెండు జట్ల కోడ్‌నూ సమీక్షించే సాంకేతిక పెద్దగా ఉంచి, మేనేజరుతో సమానమైన జీతం ఇవ్వడంలో తప్పేమీ లేదు.

కొత్తవారిని మాత్రం ఇప్పుడు తీసుకోవద్దు. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో హెచ్చరించారు. వచ్చినవారికి నేర్పవలసింది మీ దగ్గర పని తెలిసినవారే కదా. పైగా 18 మంది అయితే ఇద్దరిద్దరు మాట్లాడుకునే దారులు 153కు పెరుగుతాయి. సరుకు ముమ్మరంగా వచ్చే నెలల్లో కాటా, కమీషన్, బిల్లు తప్పులేకుండా నడిస్తే చాలు. మిగతా కోరికలను వాయిదా వేస్తున్నామని వ్యాపారులకు ఇప్పుడే చెప్పండి. వేసవి సెలవులకు యార్డు మూసినప్పుడు ఇద్దరిని తీసుకుని, జట్టుకొకరి చొప్పున పాతవారి పక్కన కూర్చోబెట్టి, మొదట చిన్న తప్పులను సరిదిద్దే పనీ, వ్యాపారుల ఫోన్లకు సమాధానం చెప్పే పనీ అప్పగించండి.