బొట్టు పెట్టి పిలవని పేరంటానికి ఎవరొస్తారు?

విజయవాడ పటమట నుంచి మీరు అడిగింది ఇదీ: బడిలో ఆటల జట్లకు అండగా ఉండటానికి తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు కలిసి కమిటీ వేసుకున్నారు. వాట్సాప్ గ్రూపులో 64 మంది ఉన్నారు. పని అనేసరికి నలుగురే మిగులుతున్నారు. రానివాళ్లకు వంద రూపాయల ఫైను పెట్టాలా? వచ్చినవాళ్లకు శాలువాలు కప్పాలా?

వద్దండీ. ఫైను కట్టేస్తే ఇక రావలసిన పని లేదని అర్థం. ఉన్నవాడు వంద పారేసి ఇంట్లో కూర్చుంటాడు, లేనివాడు గ్రూపులోంచి తప్పుకుంటాడు. పని మాత్రం మీ నలుగురికే మిగులుతుంది.

నాది బ్రాడీపేటలో చిన్న టైలరింగ్ కొట్టు. గుంటూరులోని ఒక మున్సిపల్ హైస్కూల్లో మా అమ్మాయి ఖోఖో ఆడిన నాలుగేళ్లూ ఇలాంటి కమిటీకి నేనే కార్యదర్శిని. మొదటి రెండేళ్లు అచ్చంగా మీ కథే. “ఆదివారం ఉదయం పది గంటలకు మైదానం శుభ్రం చేయాలి, అందరూ తప్పక రావలెను” అని పెట్టేదాన్ని. ముప్పై మంది దండం బొమ్మ పెట్టేవారు. పదింటికి వెళ్లి చూస్తే నేనూ, పీఈటీ మాస్టారూ, వాచ్‌మనూ. ఒకసారి ఒళ్లు మండి “వీళ్లు మీ పిల్లలు కారా?” అని గ్రూపులో రాశాను. ఆ రాత్రే నలుగురు వెళ్లిపోయారు. అందులో ఒకాయన మర్నాడు కొట్టు దగ్గర ఆగి, “ఆదివారం పదింటికి మేం చర్చిలో ఉంటామమ్మా, మీకు తెలియదా?” అన్నారు. గుంటూరులో పుట్టి పెరిగి ఆ మాట తట్టకపోవడం నా తెలివితక్కువ. శుక్రవారం మధ్యాహ్నం పెట్టిన మీటింగుకు నమాజుకు వెళ్లేవాళ్లు ఎందుకు రాలేదో అప్పుడు వెలిగింది. తర్వాత శనివారం సాయంత్రం ఆరున్నరకు మార్చాం. ఆ ఒక్క మార్పుకే ఎనిమిది కొత్త ముఖాలు కనిపించాయి.

అసలు మలుపు మాత్రం మూడో ఏడు వచ్చింది. మా మైదానంలో పోటీలు పెట్టారు. ఖోఖో కోర్టు అంటే 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. నేనూ మాస్టారూ టేపు పట్టుకుని గీస్తుంటే, ఒక చివర సరిగ్గా వస్తే రెండో చివర ఒంకరపోతోంది. పోసిన సున్నం చెరిపి మళ్లీ పోస్తున్నాం. గేటు బయట ఒకాయన సైకిల్ ఆపి చూస్తున్నారు. మా జట్టులో ఆడే ఒక పిల్ల వాళ్ల నాన్న అని తెలుసు, తాపీ మేస్త్రి అని తెలియదు. గ్రూపులో ఏడాదిగా ఉన్నా ఒక్క మాట మాట్లాడని మనిషి. “బాబూ, ఒక్క చేయి వేస్తారా?” అన్నాను. సంచిలోంచి నైలాన్ దారం, నాలుగు మేకులు తీశారు. మూల దగ్గర మేకు కొట్టి, ఒక పక్కకు ఆరడుగులు, రెండో పక్కకు ఎనిమిదడుగులు కొలిచారు. ఆ రెండు చివరల మధ్య సరిగ్గా పది వచ్చేదాకా దారాన్ని జరిపారు. “ఇప్పుడు మూల మట్టంగా ఉందమ్మా” అన్నారు. నాలుగు మూలలూ అయ్యాక ఐమూలగా రెండు వైపులా టేపు లాగమన్నారు. రెండూ 31 మీటర్ల మీద కొంచెం, సమానంగా వచ్చాయి. గంట కూడా పట్టలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. వాళ్ల లెక్కల పుస్తకంలో ఉన్న పైథాగరస్ అదే మరి.

ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని తర్వాత అడిగాను. “గ్రూపులో అందరూ చదువుకున్నవాళ్లు, నేనేం చేస్తానులే అనుకున్నాను” అన్నారు. మెసేజీలన్నీ కూతురి చేత చదివించుకునేవారట. ఆయన్ని పిలిచిన మెసేజీ వాటిలో ఒక్కటీ లేదు, నిజమే.

మన ఇళ్లల్లో పేరంటానికి గడప గడపకూ వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాం. పెళ్లికార్డు ఫోనులో పంపితే “మమ్మల్ని పిలవనే లేదు” అని అలుగుతారు. బడి పనికి మాత్రం గ్రూపులో ఒక మాట పడేసి, రాలేదని వాళ్ల మీదే అలుగుతాం! ఆ తర్వాత నేను మనిషిని చూసి, పేరు పెట్టి, ఒకే ఒక్క పని అడగడం మొదలుపెట్టాను. “సాయం చేయండి” అనను. “బుధవారం సాయంత్రం అయిదింటికి రెండు డజన్ల అరటిపళ్లు గేటు దగ్గర ఇస్తారా?” అంటాను. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు చెబితే తెలిసింది, అక్కడ ఇలాంటి సంఘాన్ని బూస్టర్ క్లబ్ అంటారట. ఆట జరుగుతుంటే తల్లిదండ్రులే వంతులవారీగా పాప్‌కార్న్ అమ్మి జట్టుకు డబ్బు పోగు చేస్తారట. వాళ్ల క్లబ్బులో ఒక్కో వంతు రెండు గంటలే, ఎప్పుడు మొదలో ఎప్పుడు ముగింపో కాగితం మీద ఉంటుంది. అక్కడా ఎప్పుడూ అదే పది మంది వస్తారని ఆవిడా మొత్తుకుంటుంది లెండి. నాకు మాత్రం ఆ రెండు గంటల లెక్క నచ్చింది. ఎప్పుడు వదులుతారో తెలియని పనికి ఎవరూ చేయి చాపరు.

2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో మెగా పేరెంట్స్ టీచర్స్ మీటింగ్ పెట్టారు గదా, ఎప్పుడూ రానివాళ్లూ ఆ రోజు వచ్చారు. మైకు పట్టుకుని చందాల గురించి ఉపన్యాసం ఇవ్వాలని మా అధ్యక్షుల వారికి చాలా కోరిక. బతిమాలి ఆపి, నోటుపుస్తకంతో గేటు దగ్గర కూర్చున్నాను. అడిగినవి రెండే: మీకు ఏ పని వచ్చు, ఏ పూట తీరిక? ఒక వెల్డరు, ఒక ఆటో డ్రైవరు, మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమాస్తా, రేడియోగ్రాఫరు, చెరుకురసం బండి ఆయన. తుప్పు పట్టిన వాలీబాల్ స్తంభాలను ఆ వెల్డరు సంక్రాంతి సెలవుల్లో అతికించి ఇచ్చారు. రంగు మాత్రం మేమే వేశాం, చారలు చారలుగా.

కూలి సంగతి విడిగా చెప్పాలి. మా జట్టులో ముగ్గురు పిల్లల తల్లులు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తారు. కిలోల లెక్కన డబ్బు. ఒక పూట రమ్మంటే ఆ పూట కూలి వదులుకోమన్నట్టే. యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలు పడే ఎండాకాలంలో వాళ్లను కదిలించకూడదు. మా పోటీలు దసరా చుట్టుపక్కల వచ్చేవి కాబట్టి అప్పటికి వాళ్లకు కాస్త వెసులుబాటు ఉండేది. ఆడపిల్లలను పక్క ఊరికి తీసుకెళ్లాలంటే తోడుగా ఒక ఆడమనిషి కావాలి. వాళ్లలో ఒకావిడను అడిగితే, “రెండు రోజుల కూలి పోతుందే” అని నిజాయితీగా అన్నారు. కమిటీ డబ్బులోంచి ఆ కూలి ఇచ్చాం. స్వచ్ఛందం అన్నాక డబ్బేమిటని ఇద్దరు సభ్యులు గొణిగారు. గొణిగినవాళ్లిద్దరికీ నెల జీతాలు, సెలవు పెట్టినా పైసా తగ్గదు. ఆవిడేమో పొద్దున్నే ఆరు కాకముందే పన్నెండు మందికీ మడత జడలు బిగించి కూర్చోబెట్టారు. తొడిమలు తీసీ తీసీ వేళ్లకు వచ్చిన వేగం అది. బస్సు ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టింది కూడా ఆవిడే.

నా తప్పు ఇంకొకటి ఉంది. ఒక తల్లి బిందెడు నిమ్మకాయ నీళ్లు కలిపి తెచ్చారు. రుచి చూసి, ఉప్పు తక్కువైందని అందరి ముందూ గుప్పెడు ఉప్పు వేసి కలిపాను. ఆవిడ మళ్లీ రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్లినా నవ్వుతూ కాఫీ ఇచ్చి పంపించారే గానీ రాలేదు. మీ నలుగురిలోనూ నాలాంటి వాళ్లు ఉండే ఉంటారు, చూసుకోండి.

శాలువాల గురించి కూడా అడిగారు. మేస్త్రి గారికి కప్పితే సిగ్గుతో చచ్చిపోయారు, ఫొటోలో తల కూడా ఎత్తలేదు. తర్వాతి పోటీకి వారం ముందు పీఈటీ మాస్టారు ఫోను చేసి “సున్నం ఎన్ని బస్తాలు చెప్పమంటారు?” అని అడిగినప్పుడు మాత్రం మేస్త్రి గారి గొంతు మారిపోయిందట.

లెక్కలు నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టండి, అరటిపళ్ల ఖర్చుతో సహా. మరో ముఖ్యమైన మాట: విద్యా హక్కు చట్టం కింద బడికి ఉండే యాజమాన్య కమిటీ వేరు. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. మీరు దానికి పోటీ అన్న అనుమానం వస్తే అడుగడుగునా అడ్డుపుల్లలే. ఆ ఛైర్మన్‌ను ముందే కలుపుకోండి.

వచ్చే నెలలో పోటీలున్నాయన్నారు కాబట్టి, ఈ వారం గ్రూపులో ఏమీ పెట్టకండి. ఆరుగురిని ఎంచుకుని, రాత్రి ఏడు దాటాక వాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఒక్కొక్కరికీ ఒక్కో పని అనుకుని వెళ్లండి. ఇద్దరైనా కాదంటారు. వాళ్లిచ్చిన టీ తాగి, పిల్లల చదువు సంగతులు మాట్లాడి రండి. దసరాకు మళ్లీ వాళ్లింటికే వెళ్లాలి గదా.