టీల్లో మీకేది ఇష్టం?

ప్రశ్న: మీకు బాగా నచ్చే టీ ఏదండీ? అస్సలు నచ్చనిది? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇరానీ చాయ్ తర్వాతే నాకు ఏదైనా. డికాక్షన్‌ను మూత బిగించిన గిన్నెలో సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిస్తారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. చార్మినార్ దగ్గర నిలబడి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తాగి చూడండి, ఆ కొద్దిపాటి ఉప్పదనం చాయ్ తీపికి భలే కుదురుతుంది! ఇంట్లో మాత్రం పొద్దున్నే అల్లం టీ.

నచ్చనిది మెషీన్ టీ. పాలపొడి, చక్కెర, యాలకుల వాసన అన్నీ ముందే కలిపేసి ఉంటాయి, చక్కెర తగ్గించమన్నా కుదరదు. ఆఫీసులో దానికంటే మంచినీళ్లే నయం అనుకుంటాను. గ్రీన్ టీ పర్వాలేదు గానీ, సలసల కాగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. 80 డిగ్రీల వేడి చాలు.