ఏడాది కలిసొస్తుందని ఐదు లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. బెంగళూరు మారతహళ్లిలో నేనూ మా ఆయనా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. అమ్మాయి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ మొదటి ఏడాది పూర్తిచేసింది. 2.75 లక్షలు కట్టాం. ఇప్పుడు బీటెక్ వద్దు, ఇంగ్లిష్ బీఏ చదివి ఎడిటర్ అవుతానంటోంది. ఇంకో ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు క్రెడిట్లు (పాసైన పేపర్లకు వచ్చే పాయింట్లు) బదిలీ చేసి నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకుంటామన్నారు. ఏడాదికి 2.6 లక్షలు, రెండేళ్లు. సిటీలోని పాత ఎయిడెడ్ కాలేజీలో అయితే మళ్లీ మొదటి ఏడాది నుంచి చదవాలి, అన్నీ కలిపి ఏడాదికి 45 వేలు. ఆ ఉద్యోగాలు చెన్నైలో ఎక్కువట, అక్కడే హాస్టల్లో ఉండి చదువుతానని కూడా అంటోంది. మా దగ్గర 3 లక్షల ఎఫ్‌డీ, ఎనిమిది నెలల్లో ముగిసే 2 లక్షల చీటీ, కొంచెం బంగారం ఉన్నాయి. యూనివర్సిటీ వాళ్లే 10.5 శాతం వడ్డీకి 5 లక్షల లోన్ ఇప్పిస్తామంటున్నారు. ఐటీ రిటర్నులు ఎప్పుడూ వేయలేదు, ఆరోగ్య బీమా లేదు. పాప కొత్త లాప్‌టాప్ కూడా అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండమ్మా. నా మాట సిటీ కాలేజీకే. ఎందుకో లెక్కతోనే చెబుతాను.

ప్రైవేటు యూనివర్సిటీలో రెండేళ్లకు 5.2 లక్షలు, పాత కాలేజీలో మూడేళ్లకు 1.35 లక్షలు. తేడా 3.85 లక్షలు. పాప ఒక ఏడాది ముందు బయటపడటానికి మీరు కట్టే ధర ఇది. ఆ మిగిలిన ఏడాదిలో నెలకు పాతిక వేల ఉద్యోగం దొరికిందే అనుకోండి, పైసా ఖర్చు పెట్టకుండా దాచినా వచ్చేది 3 లక్షలు. అంటే ఏడాది కలిసొచ్చినా డబ్బు కలిసిరాదు.

అదే అప్పు చేసి కడితే ఇంకా అన్యాయం. రెండు విడతలుగా 2.5 లక్షల చొప్పున తీసుకుని, చదివే రెండేళ్లూ ఆ తర్వాత ఏడాదీ ఏమీ కట్టలేదనుకుందాం. వాయిదాలు మొదలయ్యే నాటికి వడ్డీయే 1.31 లక్షలు చేరి, అప్పు 6.31 లక్షలవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,640 రూపాయలు, మొత్తం దాదాపు 8.94 లక్షలు. ఎడిటింగ్‌లో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు. పాతిక వేలలో పదిన్నర వేలు వాయిదాకే పోతే, ఉద్యోగానికి చెన్నై వెళ్లి హాస్టల్ అద్దె కట్టి ఆ పిల్ల తినేదేమిటి?

ఇక ‘నేరుగా రెండో ఏడాది’ సంగతి. అడ్మిషన్ కౌంటర్లో మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఒకచోట వచ్చిన క్రెడిట్లు దాచుకుని ఇంకోచోట వాడుకునే ఏర్పాటు) నిబంధనల వల్ల బదిలీకి వీలుందన్నది నిజమే. కానీ మీ పాప సంపాదించింది మ్యాథ్స్, ఫిజిక్స్, సీ ప్రోగ్రామింగ్ క్రెడిట్లు. ఇంగ్లిష్ బీఏలో వాటికి జోడీ ఏది? ఇంగ్లిష్ భాష, పర్యావరణం లాంటి ఉమ్మడి పేపర్లు కలుస్తాయేమో. మొదటి ఏడాది సాహిత్యం పేపర్లు మాత్రం రెండో ఏడాదివాటితో పాటు అదనంగా రాయమంటారు. కాబట్టి ఏ పేపరుకు ఏ పేపరు సరిపెట్టారో, ఎన్ని క్రెడిట్లు తీసుకున్నారో, ఇంకా ఏవి రాయాలో యూనివర్సిటీ ముద్రతో కాగితం అడగండి. ‘అన్నీ చూసుకుంటాం మేడమ్’ అని నోటిమాటతో సరిపెడితే, వాళ్లు చూసుకునేది ఫీజునే. కర్ణాటక ప్రభుత్వం 2024-25 నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చింది. ఆ ప్రైవేటు యూనివర్సిటీ కోర్సు మాత్రం ఇంకా నాలుగేళ్ల ఆనర్సే అయితే, రెండో ఏడాదిలో చేరినా ఇంకా మూడేళ్లుంటుంది. మూడో ఏడాది చివర మామూలు డిగ్రీతో బయటికి రానిస్తారా లేదా అన్నది కూడా ఆ కాగితంలోనే రాయించండి.

క్రెడిట్ల బ్యాంకులో దాచిన క్రెడిట్లు ఏడేళ్ల దాకా చెల్లుతాయి. ఇప్పుడు వాడుకోకపోతే మట్టిపాలవుతాయన్న భయం అక్కర్లేదు. బీటెక్‌కి కట్టిన 2.75 లక్షలు మాత్రం పోయినట్టే. దాన్ని రాబట్టుకోవాలనే ఆరాటంతో ఇంకో ఐదు లక్షలు దాని వెనకాల పంపొద్దు.

ఎడిటర్‌ను తీసుకునేవాళ్లు యూనివర్సిటీ పేరు చూడరని అనను, చూస్తారు. అయితే చాలా చోట్ల అసలు గండం పరీక్ష దగ్గరే ఉంటుంది. కావాలనే తప్పులు దొర్లించిన రెండు మూడు పేజీలు చేతిలో పెడతారు. మొదటి పేరాలో ఒకలా రాసిన మనిషి పేరు ఐదో పేరాలో ఇంకోలా ఉంటుంది. పట్టికలో అంకెలు కూడితే కింద వేసిన మొత్తం రాదు. ఒక వాక్యానికి కర్త ఉండదు. అవన్నీ పట్టుకోవాలి, రచయిత గొంతు మాత్రం మారకూడదు. రాత్రి దుకాణం కట్టేశాక గల్లా పెట్టె లెక్కలో ఇరవై రూపాయల తేడా వస్తే మీరు పడుకోరు చూడండి, ఆ గుణమే ఈ ఉద్యోగానికి పెట్టుబడి.

అందుకని కాలేజీకి వెళ్లినప్పుడు భవనాలూ ఏసీ క్లాసులూ కాదు, రెండు చూడమనండి. విద్యార్థులే నడిపే పత్రిక ఉందా, ఉంటే నిరుటి సంచిక ఒకటి అడిగి తిరగేయాలి. సీనియర్ల అసైన్‌మెంట్ ఒకటి చూడాలి. మాస్టారు మార్కులు వేసి వదిలేశారా, వాక్యం వాక్యం దిద్ది ఇచ్చారా? తన రాత దిద్దించుకోని పిల్ల ఇంకొకరి రాత దిద్దలేదు. ఈ రెండూ ఆ పాత కాలేజీలో లేకపోతే, అదే ఫీజులో ఇంకో పాత కాలేజీ వెతకండి. బెంగళూరులో వాటికి కొదవ లేదు. చదివిన ఒక్క ఏడాది బీటెక్ కూడా దండగ కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల మాన్యువల్స్, సైన్స్ జర్నల్స్ దిద్దేచోట కోడ్ చూసి కంగారుపడని ఎడిటర్‌కి గిరాకీ ఉంటుంది.

చెన్నై విషయంలో పాప చెప్పింది నిజమే. విదేశీ జర్నల్స్‌కి, పాఠ్యపుస్తకాలకి కాపీ ఎడిటింగ్ (రాతలో తప్పులు దిద్దడం), టైప్‌సెట్టింగ్ (అచ్చుకు పేజీలు కూర్చడం) చేసే న్యూజెన్, టీఎన్‌క్యూ లాంటి సంస్థలు అక్కడివే. పిల్లల పుస్తకాల తూలిక, తారా బుక్స్ కూడా అక్కడే. అయితే అవి ఉద్యోగం చేసే చోట్లు. వాటి కోసం మూడేళ్లు ముందే వెళ్లి హాస్టల్ ఫీజు కట్టడమెందుకు? తెలుగులో కూడా పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ మీ బెంగళూరులోనే ఉంది. పాపకు తెలుగు చదవడం, రాయడం వచ్చా? ఉత్తరంలో రాయలేదు. బెంగళూరులో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి మాట్లాడటమే వస్తుంది. రాకపోతే ఈ సెలవుల్లో నేర్పండి. రెండు భాషల్లో దిద్దగలిగితే తలుపులు రెండు.

మిగిలే డబ్బు డిగ్రీ తర్వాత పనికొస్తుంది. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో ఎడిటింగ్, పబ్లిషింగ్‌కి ప్రత్యేకంగా పీజీ డిప్లొమా ఉంది. ఇగ్నోలో దూరవిద్యగా బుక్ పబ్లిషింగ్ డిప్లొమా ఉంది, ఉద్యోగం చేస్తూనే చదువుకోవచ్చు. పత్రికల వైపు మొగ్గితే చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది. ఫీజు బరువే గానీ, ఖర్చు పెట్టాల్సి వస్తే బీఏ మీద కన్నా అక్కడ పెట్టడం మేలు.

బీటెక్ యూనివర్సిటీ నుంచి టీసీ, మైగ్రేషన్, మార్కుల జాబితాలు ముందే తెచ్చుకోండి. ‘మిగతా మూడేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు’ అంటే బెదరొద్దు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదనీ, చదవని ఏళ్లకు ఫీజు గుంజకూడదనీ యూజీసీ 2018లోనే చెప్పింది. అర్జీ రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వినకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి.

ఇక మీ డబ్బు. అన్నిటికంటే ముందు మీ ఇద్దరికీ ఆరోగ్య బీమా. పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడే మనుషులు, ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే ఈ ఎఫ్‌డీ కాస్తా ఎగిరిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. ఎఫ్‌డీలోంచి ఈ ఏటి ఫీజు, ప్రీమియం తీసి, మిగతాది మళ్లీ డిపాజిట్ చేయండి. చీటీని ముందే పాడుకుని తక్కువకి ఎత్తొద్దు. ఆఖరి దాకా ఆగితే తర్వాతి రెండేళ్ల ఫీజు, చిల్లర ఖర్చులు దాంట్లోంచే వెళ్తాయి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

ఐటీ రిటర్ను ఈ ఏడాదే మొదలుపెట్టండి. చిన్న వ్యాపారులు పద్దు పుస్తకాలు లేకుండానే నగదు అమ్మకాల్లో 8 శాతం, యూపీఐ వసూళ్లలో 6 శాతం లాభంగా చూపించే వీలుంది. 2025 జూలైలో యూపీఐ వసూళ్లు చూసి బెంగళూరు చిన్న దుకాణాలకు జీఎస్టీ నోటీసులిచ్చిన గొడవ మీకు తెలిసే ఉంటుంది. మీ అమ్మకాలు జీఎస్టీ నమోదు అక్కర్లేని ఏడాదికి 20 లక్షల హద్దు దాటుతున్నాయా అన్నది కూడా రిటర్ను వేసే ఆడిటర్‌నే అడగండి. రిటర్నులుంటే రేపు పీజీకి లోన్ కావాలన్నా ప్రభుత్వ బ్యాంకే ఇస్తుంది, 4 లక్షల దాకా తాకట్టు అడగరు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర చదువుల లోన్ పథకం కింద 3 శాతం వడ్డీ రాయితీకి కూడా అవకాశముంది. అయితే ఆ పథకం జాబితాలో ఉన్న సంస్థలో, మెరిట్ మీద వచ్చిన సీటయితేనే. మేనేజ్‌మెంట్ కోటాకి ఇవ్వరు.

కొత్త లాప్‌టాప్ వద్దు. బీటెక్‌కి కొన్నది ఉంటే అదే చాలు. వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ (చేసిన దిద్దుబాట్లన్నీ కనబడేలా ఉంచే సదుపాయం) నేర్చుకోవడానికి అంతకంటే పెద్ద మెషీన్ అక్కర్లేదు.