సైకోడ్రామాలో చేరవచ్చా?

ప్రశ్న: నా వయసు 31. నాన్న పోయాక డిప్రెషన్ వచ్చింది. డాక్టర్ రాసిన మాత్రలు నాలుగు నెలలు వాడి, బాగానే ఉన్నానని మానేశాను. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. ఒక్కోసారి బతికేం లాభం అనిపిస్తోంది. స్నేహితురాలు సైకోడ్రామా (మనసులోని బాధను నటిస్తూ బయటపెట్టే గ్రూప్ థెరపీ) వర్క్‌షాప్‌కు రమ్మంటోంది. నాకు నటన రాదు, సిగ్గు ఎక్కువ. చేరవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: నటన సంగతి తర్వాత. బతికేం లాభం అనిపిస్తోందని మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. ముందు చూడాల్సింది దాన్నే. ఈ మాట ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గట్టిగా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక మాత్రలు. బాగున్నామని మానేయడం దాదాపు రోజూ వింటున్నాను. బాగున్నది ఆ మాత్రల వల్లే కావచ్చు కదమ్మా! డిప్రెషన్ తగ్గాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు మందు కొనసాగిస్తాం, తర్వాత డోసు మెల్లగా తగ్గిస్తాం. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు రావచ్చు. జబ్బు తిరగబెట్టినా నిద్ర పట్టదు. మీది ఏదో చూడకుండా చెప్పలేను. అలాగని మిగిలిన మాత్రలు మీరే మళ్లీ మొదలుపెట్టకండి.

సైకోడ్రామా మంచి పద్ధతే. వియన్నాలో నాటక ప్రయోగాలు చేసిన జేకబ్ మొరెనో అనే సైకియాట్రిస్ట్ రూపొందించారు. నటన రానక్కర్లేదు, అక్కడ కంఠతా పట్టిన డైలాగులుండవు. ఖాళీ కుర్చీలో నాన్నగారు ఉన్నారనుకుని, అప్పుడు అనలేకపోయింది ఇప్పుడు అంటారు. తర్వాత మీరే ఆ కుర్చీలో కూర్చుని ఆయనలా జవాబిస్తారు. చివర్లో మిగతావాళ్లు తమ అనుభవాలు పంచుకుంటారు, మీకు తీర్పులివ్వరు. సిగ్గున్నవాళ్లు మొదట చూస్తూ కూర్చున్నా ఫర్వాలేదు.

కానీ అందులో దుఃఖం ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది. నిద్ర లేక, ఇలాంటి ఆలోచనలతో ఉన్న మనిషిని రెండు రోజుల వర్క్‌షాప్‌లో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అది ముగిశాక మళ్లీ ఏడుపొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? కాస్త కుదుటపడ్డాక, మీ డాక్టర్ సరేనంటే చేరండి. నడిపేవారికి సైకోథెరపీలో శిక్షణ ఉందా, చేర్చుకునే ముందు విడిగా మాట్లాడతారా అని అడగండి. మందులు అక్కర్లేదని ఎవరైనా అంటే అక్కడికి వెళ్లకండి.

రేపో ఎల్లుండో సైకియాట్రిస్ట్‌ను కలవండి. పాత చీటీ తీసుకెళ్లండి. మిగిలిన మాత్రలు మీ దగ్గర ఉంచుకోకుండా ఇంట్లోవాళ్లకు ఇచ్చేయండి.